మూడు గాట్లు

“నీ చెయ్యి పడితే ఏదీ బతకదు. ఇదన్నా బతికించు చూద్దాం,” అంటూ వదిన పుట్టగొడుగులు పెంచే కిట్టు నా ఒళ్లో పడేసింది.

నాకు ఒళ్లు మండింది. అందులోని సంచికి బ్లేడుతో మూడు గాట్లు పెట్టి రోజూ నీళ్లు కొట్టాలని కాగితంలో ఉంది. నేను గాట్లు పెట్టలేదు, చుక్క నీరు కొట్టలేదు. ఎండి చావనీ అని వంటింటి మూలకు తోసేశాను.

వారం తర్వాత చూస్తే సంచి తడిగా ఉంది. కిట్టుతో వచ్చిన స్ప్రే సీసా నేను నింపనే లేదు. అందులో సగానికి నీళ్లున్నాయి. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే.

రాత్రి పడుకోబోతూ వదినకు ఫోన్ చేశాను. “దొంగచాటుగా వచ్చి నీళ్లు కొట్టిపోతున్నావా?”

“నాకింకేం పనిలేదా? ఇంతకీ గాట్లు పెట్టావా? ముందు గాట్లు, తర్వాతే నీళ్లు. లేకపోతే ఒక్కటీ మొలవదు,” అని పెట్టేసింది.

లైటు ఆర్పాను. వంటింట్లో స్ప్రే కొడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపాగి గుమ్మం దగ్గర వినిపించింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఈసారి మంచం పక్కనే. నా చేతి మీద చల్లగా తుంపర పడింది.

ఆ నీళ్లు తగలగానే వరసగా మూడు చోట్ల మంట పుట్టింది.