వెంట్రుకంత సందు

"మూడో సెట్టు టాపెట్లూ అరిగిపోయాయి మేస్త్రీ. ఈ పాత ఇంజనుకు ఇక దొరికింది ఇదిగో, ఈ కొత్త సెట్టొక్కటే. ఇదీ పోతే నా బండి మూలన పడ్డట్టే," అన్నాడు వ్యాన్ డ్రైవరు, ఏడుపొక్కటే తక్కువగా.

"గొణగకు, గట్టిగా చెప్పు," అని విసుక్కున్నాడు మేస్త్రి. డ్రైవరు మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు.

వాల్వుల్ని నెట్టి తెరిచే ఆ కొత్త టాపెట్లు బిగించి ఇంజను స్టార్ట్ చేయించాడు మేస్త్రి. టాపెట్‌కీ వాల్వుకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఉంటే ఇంజను సన్నగా టిక్కుటిక్కుమంటుంది. సందు ఎక్కువైతే టాపెట్లు దెబ్బలు తిని అరిగిపోతాయి. ముప్పై ఏళ్లుగా సందు కొలిచే గేజి ముట్టకుండా, ఆ చప్పుడు వినే సరిచేసిన మనిషి ఆయన.

వంగి విన్నాడు. టిక్కుమనలేదు. స్క్రూ వదులు చేశాడు. అయినా వినబడలేదు. ఇంకాస్త వదులు చేశాడు.

"ఇంకా సందు చాల్లేదయ్యా," అంటూ తలెత్తాడు.

డ్రైవరు రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉన్నాడు. షెడ్డు గుమ్మంలో, మేస్త్రి దగ్గరే పని నేర్చుకుంటున్న ఆయన కూతురు కూడా మూసుకునే ఉంది.

మేస్త్రి ఇంజను ఆపించాడు. పెట్టె అడుగు నుంచి కవరైనా విప్పని గేజి తీసి, తన స్పానరుతో పాటు కూతురి చేతిలో పెట్టాడు.

"ఎప్పట్నుంచి మోగుతోంది?" అని డ్రైవర్ని అడిగాడు.

"మొదటి సెట్టు నుంచీ," డ్రైవరు ఈసారి గట్టిగానే చెప్పాడు. "టాపెట్లని సుత్తితో మోదుతున్నట్టే ఉంటుంది. మీ చెయ్యి పడ్డ ఇంజను కదా, అలాగే ఉండాలేమో అనుకున్నా."