వెనక సీట్లో పసుపు టోపీ

వెనకనుంచి ఏ బండో వచ్చి గుద్దితే పాప ఏమైపోతుంది? ఆమెకున్న భయమల్లా అదొక్కటే. చీకటన్నా, బల్లులన్నా, తను పనిచేసే దర్జీ షాపు యజమాని నోరన్నా ఆమెకు లెక్కలేదు. సైకిలెక్కి పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి మాత్రం వీపంతా చెవులైపోతుంది.

ఆ ఉదయం కూడా సిగ్నల్ దగ్గర ఒక కాలు నేలకి ఆనించి, చెయ్యి వెనక్కి పెట్టి, పిల్లల సీటు బెల్టు లాగి చూసుకుంది. బిగువుగానే ఉంది. పసుపు టోపీ పక్కకి ఒరిగితే సరిచేసింది. ఆ టోపీ అల్లింది అత్తయ్య. పాప తలకి మరీ పెద్దదైపోయిందని ఆవిడ నొచ్చుకుంటే, పెద్దదైతేనే మంచిదని ఈమె నవ్వేసింది.

పక్కన బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు తగ్గించి అడిగాడు.

"లేచిందా?"

ఆమె పెదాలమీద వేలు పెట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి, ఊరికే హారన్ కొడుతున్న కారువాణ్ణి కళ్లతోనే కసిరాడు.

మూడు నెలల కిందట ఈ డ్రైవరు ఇలా లేడు. కుట్టిన బట్టలు ఇళ్లకి చేర్చే పనిలో ఆమె చేరిన కొత్త అది. వెనక క్యారియర్ మీద బట్టల మూట కట్టుకుని వెళ్తుంటే, ఇదే బస్సు మోచేతిని రాసుకుంటున్నట్టే దూసుకుపోయేది. ఒకరోజు స్టాపు దగ్గర పట్టుకుని అడిగితే, నువ్వు రోడ్డంతా నీదే అన్నట్టు తొక్కితే నేను గాల్లో నడపాలా అన్నాడు. సరేనని అంచుకి జరిగితే అక్కడ ఆగివున్న కార్ల తలుపులు, మూతల్లేని గుంతలు. ఒకసారి వ్యాను అద్దం తగిలి మూటతో సహా బురదలో పడింది. వ్యానువాడు ఆగాడు, దిగాడు, తన అద్దానికి గీత పడలేదని చూసుకుని వెళ్లిపోయాడు. తెల్ల చొక్కాలన్నీ మళ్లీ ఉతికి ఇస్త్రీ చేస్తూ, ఇక ఈ పని మానేస్తానని ఆమె అత్తయ్యతో అంది.

ఆ వారమే పక్కింటావిడ, తన కొడుకు ఎదిగిపోయాడని వాడి సైకిలు సీటు ఇచ్చింది. మర్నాటినుంచీ అందులో పసుపు టోపీ కనబడటం మొదలైంది. దాంతో ఆమెకి రోడ్డు రెండు మూరలు వెడల్పయింది.

షాపు యజమాని మొదటిరోజు చూసి నోరు తెరిచాడు. తరవాత తనే దగ్గరుండి బెల్టు బిగించసాగాడు. మెల్లిగా పో, నలక్కుండా చూడు అని రోజూ చెప్పి పంపిస్తాడు.

తిట్లూ తప్పలేదు. ఒకావిడ కారు అద్దం దించి, పసిదాన్ని ఈ పొగలో తిప్పుతున్నావు, నువ్వు తల్లివేనా అని అడిగింది. ఆ మాట చురుక్కుమన్నా ఆమె తొక్కుకుంటూ ముందుకి పోయింది. తిట్టేవాళ్లు కూడా దూరం జరిగే తిడుతున్నారు, అది చాలు.

పచ్చలైటు పడింది. బస్సు ఆమెని ముందుకి పోనిచ్చి వెనకే నెమ్మదిగా కదిలింది. ఆమె వంద గజాలు వెళ్లిందో లేదో, పక్కన ఆగివున్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది.

ఆమె బ్రేకు నొక్కింది. హ్యాండిల్ తలుపు అంచుకి కొట్టుకుంది. ఆమె మోకాలు రోడ్డుకి గీసుకుపోయింది, సైకిలు తలుపుకి ఆనుకుని ఒరిగిపోయింది. మోకాలి సంగతి చూసుకోకముందే ఆమె చెయ్యి చాచి జారిపోతున్న టోపీని పట్టుకుని కిందికి లాగింది.

వెనక బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవరు దూకి వచ్చాడు.

"కారుకి ఆ పక్క అద్దం ఎందుకిచ్చారయ్యా, తల దువ్వుకోడానికా?"

"చూసే తీశాను," అన్నాడు కారాయన. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఆ, ఫోనులో చూశావు."

అప్పుడు కారాయన కళ్లు వెనక సీటు మీద పడ్డాయి. ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో తనకీ ఇంతే పిల్ల ఉందని గొణిగాడు. చుట్టూ నలుగురు చేరారు. ఏడుపు వినబడటం లేదేమిటని ఎవరో అంటే అందరూ ఒక్కసారి సీటు వైపు వంగారు. డ్రైవరు సీటు వైపు చెయ్యి చాచాడు.

ఆమె కుంటుకుంటూ అడ్డం వచ్చి నిలబడింది. "ముట్టుకోవద్దన్నా. నేను చూసుకుంటా."

"ఇకనుంచీ చూసి తీస్తానమ్మా," అన్నాడు కారాయన చేతులు జోడించినంత పని చేసి.

"వెనక ఈ టోపీ లేకపోయినా చూస్తారాండీ?"

ఆయనకి అర్థం కాలేదు. అయినా తల ఊపాడు.

"ముందు పాపని చూసుకో తల్లీ," అన్నాడు డ్రైవరు. "నువ్వు ఒక్కసారి చూసుకుంటే మా గుండె కూడా కుదుటపడుతుంది."

ఆమె సైకిలు నడిపించుకుంటూ సందు మలుపు తిరిగింది. అంతదాకా బస్సు రోడ్డుకి అడ్డంగా నిలబడి వెనక బండ్లని ఆపింది. మలుపు దాటాక ఆమె ఒక ఇంటి మెట్టు మీద కూలబడింది. ఇంకో జానెడు అటు పడి ఉంటే బస్సు కిందే. డ్రైవరు మాట గుర్తొచ్చి ఫోను తీసి ఇంటికి చేసింది. మూడుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"అత్తయ్యా, ఉయ్యాల్లో పాప లేచిందేమో ఒక్కసారి చూడరూ?"