మూడు టేపుల వంతెన

“ఈ వంతెన మాది,” అంటూ కాలువల ఆఫీసరు టేపు లాగాడు. “కాలువ రాష్ట్రానిది. దాని మీద ఏముంటే అదీ రాష్ట్రానిదే.”

“అవతలి గట్టు హైవేది. హైవే కేంద్రానిది. కాబట్టి మాది,” అంటూ హైవే ఆఫీసరు ఇంకో టేపు తీశాడు.

“ఇవతలి గట్టు టౌనుది. పైగా కట్టించింది మేం,” అన్నాడు టౌను ఇంజినీరు. అతని చేతిలోనూ టేపే.

పక్కనే నిలబడ్డ మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంజినీరు అతని సొంత అక్క మొగుడు. ఇక్కడి పాత చెక్క వంతెన బాగుచేయమని మూడేళ్లు ముగ్గురి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే మాది అన్నవాడు లేడు. పోయిన వానల్లో బడికి వెళ్తూ, పాత చెక్కలు విరిగి మేస్త్రీ కూతురు కాలువలో పడింది. “ఎవరిదీ కానిదాన్ని ఎవరడుగుతారు బామ్మర్దీ? నువ్వే కట్టెయ్. ఏదైనా వస్తే నేను చూసుకుంటా,” అన్నది ఈ బావే. నాలుగు ఆదివారాలు చెమటోడ్చి కట్టాడు. తడి సిమెంటులో కూతురి అరచేయి అచ్చు కూడా వేయించాడు. నిన్న పేపర్లో వంతెన ఫొటో పడింది. ఇవాళ ముగ్గురూ ఊడిపడ్డారు.

“అదేంటి బావా?” అన్నాడు మేస్త్రీ మెల్లగా.

“నోరు మూసుకో,” బావ చెవిలో గొణిగాడు. “టౌనుదని రాయిస్తే రేపు రిపేర్లూ టౌనే చేస్తుంది. నీ కూతురి కోసమే.”

మేస్త్రీకి మనసు చివుక్కుమంది. అయినా పేరు ఎవరిదైతేనేం, పిల్ల భయం లేకుండా బడికెళ్తే చాలనుకుని ఊరుకున్నాడు.

కాలువల ఆఫీసరుకి మాత్రం ఒళ్లు మండింది. “మీరే కట్టారా? మంచిది. మా అనుమతి కాగితం చూపించండి. లేకపోతే వంతెన కూల్చేస్తాం, కట్టినవాళ్ల మీద కేసు పెడతాం.”

హైవే ఆఫీసరు చడీచప్పుడూ లేకుండా టేపు చుట్టేశాడు. “మాది గట్టు వరకేనండి,” అంటూ అటు దిగిపోయాడు. టౌను ఇంజినీరు ఇటు దిగాడు. వంతెన మీద కాలువల ఆఫీసరు ముందు మేస్త్రీ ఒక్కడే మిగిలాడు.

“ఇంతకీ కట్టిందెవరు?” అని ఆఫీసరు గద్దించాడు.

బావ వేలు నేరుగా మేస్త్రీని చూపించింది.

“నువ్వు కట్టమంటేనే కదా బావా కట్టాను. ఆయనకి చెప్పు. ఇది కూలిస్తే పిల్ల మళ్లీ ఆ నీళ్లలో...” మేస్త్రీ కాళ్ల కింద ఉన్న చిన్న అరచేయి అచ్చు వంక చూశాడు. కన్నీళ్లు ఆగలేదు. కేసుకి కాదు, ఇంత నమ్మినందుకు.

కాలువల ఆఫీసరు అనుమానంగా ఇంజినీరు వైపు తిరిగాడు. “బావా అంటున్నాడు. మీకేమవుతాడు?”

ఇంజినీరు ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

“ఈయన ఇల్లు కాలువకి అవతలండి. మా పరిధిలోకి రాడు.”