చేపలు కడిగిన నీళ్లు

బకెట్టు నీళ్లు సరిగ్గా గైడు బూట్ల ముందు పడ్డాయి.

మామూలు నీళ్లు కావు. చేపలు కడిగిన నీళ్లు.

రాణిగారి మేడ చూడటానికి వచ్చిన జనం ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. ఒకావిడ కథ వినకుండానే వెళ్లిపోయింది.

“కళ్లు కనపడవా?” అన్నాడు గైడు.

“కనపడబట్టే పోశాను,” అంది చేపలావిడ.

ఖాళీ బకెట్టు ఊపుకుంటూ వీధి దాటి తన కొట్టుకు వెళ్లిపోయింది. మేడకు సరిగ్గా ఎదురుగా ఆ కొట్టు. ఓ పొయ్యి, ఓ మూకుడు, ఓ బల్ల. వేయించిన చేప, రొట్టెముక్క, అంతకుమించి ఏమీ దొరకదు.

పాత కోట వీధుల్లో జనాన్ని నడిపించి తిప్పడం గైడు పని. గుర్రపుశాలలు చూపించి, మేడ దగ్గర కథ చెప్పి, చివర్లో రాజులనాటి వంటలని బోర్డు పెట్టుకున్న హోటల్లో కూర్చోబెట్టాలి. ఆ వంటలు రాజులు తిన్నారో లేదో ఆ హోటలువాడికే తెలియాలి. ముందరి గైడు చెప్పాపెట్టకుండా మానేశాడట. అందుకే ఇతనికి ఈ ఉద్యోగం దొరికింది.

యుద్ధానికి పోయిన రాజు కోసం రాణి ఆ రాతి బాల్కనీలో నిలబడి ఎదురుచూసిందన్నది కథ. సరిగ్గా బాల్కనీ కింద గోడకు వీపు ఆనించి, జనం వైపు తిరిగి చెప్తేనే అది పండుతుంది. గైడన్నవాడి ముఖం ఎప్పుడూ జనం వైపే. వీపు వెనక ఏముందో వాడికి బట్టీ వచ్చు కాబట్టి తిరిగి చూడడు.

అక్కడే రోజూ చిత్తడి, కంపు. దూరంగా నిలబడి అరిచి చెప్పాల్సివస్తోంది. కథ సగం గాలికి పోతోంది.

ఆ సాయంత్రమే టూరు యజమాని ఫోన్ చేశాడు.

“మళ్లీ ఫిర్యాదు. ఇంకొక్కటి వచ్చిందంటే నీ దారి నువ్వు చూసుకో.”

ఇంట్లో పెళ్లాం నిండు నెలలతో ఉంది. గైడుకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా కొట్టు దగ్గరికి నడిచాడు.

“నీళ్లు పోయడానికి ఊళ్లో ఇంకెక్కడా చోటు లేదా నీకు?”

“లేదు. ఆ గోడ మంచిది కాదు, దగ్గరికి పోకు. ఇటొచ్చి నా కొట్టు ముందు నిలబడి చెప్పుకో.”

“వందల ఏళ్లుగా నిలబడ్డ గోడ అది. నీ కొట్టు ముందు నిలబడితే నీ చేపలు అమ్ముడవుతాయి, అంతేగా?”

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత మూకుడులో చేపను తిప్పింది.

“అలాగే అనుకో.”

“నీ పొయ్యి ఆర్పించకపోతే చూడు.”

“నీకంటే మొనగాళ్లు వచ్చిపోయారు. పో.”

అన్నంత పనీ చేశాడు. ఆమె చేపలు తిని మావాళ్లకు వాంతులయ్యాయని మున్సిపాలిటీకి అబద్ధం రాసిచ్చాడు. నిజానికి అతని జనంలో ఒక్కరూ ఆ చేప రుచి చూడలేదు.

లారీ వచ్చింది. బల్ల ఎక్కింది, మూకుడు ఎక్కింది. గైడు చేతులు కట్టుకుని వేడుక చూశాడు.

“రేపట్నుంచి ఎక్కడ నిలబడతావు?” అని అడిగింది చేపలావిడ.

“గోడ దగ్గరే. దర్జాగా.”

ఆమె లారీలోంచి బకెట్టు ఒక్కటీ లాక్కుని, వీధి దాటి, అడుగున మిగిలిన నీళ్లన్నీ గోడ మొదట్లో గుమ్మరించింది.

“పోతూ పోతూ కూడా పొగరు తగ్గలేదు చూశారా,” అన్నాడు గైడు. లారీవాళ్లు నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఆ చోటు కడిగించాడు. నేల శుభ్రంగా ఆరింది. గోడకు వీపు ఆనించి, గొంతు సవరించుకుని, రాణిని బాల్కనీలోకి తీసుకొచ్చాడు. జనం మెడలెత్తి వింటున్నారు. ఇన్నాళ్లకు కథ పండుతోందని అతను లోపల్లోపల పొంగిపోయాడు.

“గైడుగారూ, మీ భుజం మీద సున్నం రాలింది,” అన్నారెవరో.

“రాణిగారి పౌడరు లెండి,” అంటూ దులుపుకున్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే బాల్కనీ అంచు రాయి ఊడిపడింది.

ప్రాణం దక్కింది. నడిచి బతికేవాడికి కుడికాలు దక్కలేదు.

ఆసుపత్రికి యజమాని రాలేదు. కొత్త గైడు దొరికాడని కబురు మాత్రం వచ్చింది. వచ్చినవాడల్లా మేడ వాచ్‌మన్ ఒక్కడే. మంచం పక్కన నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు.

“ఆ గోడ సంగతి నీకు తెలుసా?” అన్నాడు గైడు.

“తెలుసు బాబూ. నోరు విప్పితే ఉద్యోగం ఉండదన్నారు మేడ చూసే ఆఫీసువాళ్లు. చేపలావిడ మాత్రం మొదట్లో, నువ్వు రాకముందు, వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. మేడ పరువు తీస్తోందని ఆఫీసువాళ్లు అప్పుడూ ఒకసారి కొట్టు పీకించారు. మళ్లీ పెట్టుకున్నాక చెప్పడం తగ్గించి బకెట్టు పట్టుకుంది. ఆ కంపుకి అక్కడ ఎవరూ నిలబడరుగా.”

గైడు మోచేతుల మీద లేవబోయాడు.

“ఆవిణ్ణి పిలుచుకురా. ఒక్కసారి మాట్లాడాలి.”

“ఎక్కడని వెతకను? లారీ పోయిన రోజే ఊరొదిలి వెళ్లిపోయింది.”

“ఎవరు నిలబడితే ఆవిడకెందుకు? అందరిచేతా తిట్లు తింటూ రోజూ ఆ నీళ్లు మోయాల్సిన అవసరం ఏమొచ్చింది?”

వాచ్‌మన్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“నీకు ముందున్న గైడు మానెయ్యలేదు బాబూ, ఆ గోడకే వీపు ఆనించి ఆ కథే చెప్తుండగా మొదటి రాయి పడి చచ్చిపోయాడు, వాడు ఆవిడ కొడుకు.”