చుట్టుకున్న వేరు

కొండ మీద ఇప్పుడు ఎటు చూసినా కంపెనీ గంజాయే. మందుల కోసం ఆరుబయట కుండీల్లో పెంచుతారు. మొక్క నొప్పి మనిషికి తెలిసిరావాలని పనివాళ్ల మణికట్టుకు కడియం బిగించారు. పెద్ద కుండీలోకి మార్చేటప్పుడు ఒక్క వేరు తెగినా ఒళ్లంతా భగ్గున మండుతుంది.

చిలకమ్మ ఆ మంటను ఏళ్ల తరబడి పళ్ల బిగువున భరించింది. కుండీలో చుట్టుకుపోయిన వేర్లను తెంచకపోతే మొక్క తన మెడకు తానే ఉరి బిగించుకుంటుందని ఆమెకు తెలుసు. అందుకే తెంచేది. ఆమె చేతి మొక్క ఒక్కటీ చావలేదు. ఇవాళ మాత్రం గుప్పెడు వేర్లు తెంచినా ఏమీ అనిపించలేదు.

"కడియం పాడైపోయినట్టుంది బాబూ!" అంది సంబరంగా.

సూపర్‌వైజర్ దాన్ని విప్పి తన చేతికి పెట్టుకుని, ఒక పిల్లవేరు గిల్లాడు. వెంటనే కెవ్వుమని విదిలించుకున్నాడు.

"కడియం బాగానే ఉంది. నీ చెయ్యే చచ్చిపోయింది. ఇంట్లో ఇంకెవరున్నారు?"

మధ్యాహ్నానికి ఆ కడియం కూతురు దాలిమ్మ చేతికెక్కింది. తల్లి పక్కన కూర్చుని దాలిమ్మ మొక్కను పైకి తీసింది. మొదలు చుట్టూ లావుపాటి వేరొకటి బిగుసుకుని ఉంది.

"ఇది తెంపీమంటావేటమ్మా?"

మొక్క చస్తే కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి కొండ దిగిపోవాల్సిందే. చిలకమ్మ కూతురి మణికట్టు వంక చూసింది.

"వొద్దు. అలాగే పెట్టీ," అంటూ, ఆ వేరు కనబడకుండా తానే గబగబా మట్టి కప్పేసింది.