చప్పటి సూప్

స్టూడెంట్ ఎక్స్ఛేంజ్‌లో ఈ దేశం వచ్చి, వీళ్ళింట్లో ఉంటున్నాను. ఇంటావిడను పిన్నీ అని, ఆయన్ను బాబాయ్ అని పిలుస్తాను. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాక, ఇంట్లో కరోనా ముందు నాకే వచ్చింది. మేడగదిలో తలుపేసుకుని పడుకున్నాను.

పిన్ని పూటపూటా గుమ్మం ముందు సూప్ పెట్టి తలుపు తట్టేది.

"నేనుండబట్టి సరిపోయింది. మీ బాబాయి చేత నీళ్ళు కాయిస్తే అవీ మాడతాయి" అనేది.

ఒకరోజు సూప్ చప్పగా తగిలింది. జబ్బుకి నా నోటి రుచి పోయిందనుకున్నాను. అప్పట్నుంచి తలుపు తడుతున్నది బాబాయే.

"పిన్ని ఏది బాబాయ్?"

"పడుకుందమ్మా. రుచి తెలుస్తోందా?"

"లేదు."

"వస్తుందిలే. తిను."

జబ్బు తగ్గాక కిందికి దిగాను. వంటింట్లో బాబాయి ఒక్కడే గరిటె తిప్పుతున్నాడు. పిన్ని కూర్చునే కుర్చీలో ఆసుపత్రి వాళ్ళు తిరిగిచ్చిన సంచి ఉంది, అందులో ఆవిడ కళ్ళజోడు, చెప్పులు.

పొయ్యి పక్కన డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసి నోట్లో వేసుకున్నాను. ఉప్పగానే ఉంది.

"రుచి వచ్చిందా తల్లీ?" అన్నాడు, గిన్నె అందిస్తూ.

"వచ్చింది బాబాయ్" అని ఆ చప్పటి సూపంతా తాగేశాను.