నిన్నటి నెత్తురు

“ఇంటోళ్లు సంతకం పెడితేనే సూది వేసేది. నువ్వేం కావాలప్పా ఈమెకు?”

“మొగుణ్ని” అన్నాడు మునీంద్ర. నర్సు చూపిన చోట సంతకం గీశాడు.

కోలారు ఆసుపత్రిలో మంచం మీద ఆమె కళ్లు మూసుకొని మూలుగుతోంది. మెడ కర్రలా బిగుసుకుపోయింది. స్కానులో ఏమీ తేటగా కనిపించలేదు. డాక్టరు చంద్రిక ఆమె నడుములో సూది గుచ్చి, వెన్నులోని నీళ్లు తీసి ల్యాబుకు పంపింది. ఆ గంటసేపూ మునీంద్ర ఆమె పాదాలు వదల్లేదు.

చంద్రిక రిపోర్టుతో వచ్చింది.

“తేట నీళ్ల మాదిరి ఉండాల్సింది పసుపుపచ్చగా ఉండాదప్పా. మెదడు చుట్టూ నెత్తురు కారింది. అది విరిగి ఈ రంగు తిరిగేదానికి పన్నెండు గంటలన్నా పడతాది. అంటే ఇది ఈ పొద్దుది కాదు, నిన్నటిది. నిన్న తలనొప్పి అన్లేదా?”

“అనింది మేడం. తల పగిలిపోతా ఉండాదని ఏడ్చింది. వాంతి చేసుకునింది.”

“నువ్వేం చేసినావు?”

“వేషాలనుకొంటి.”

“నీ నోటికి అన్నం ఎట్లా పోయిందయ్యా? ఈ పొద్దు యాడ పడిపోయింది?”

“బేతమంగళ బస్టాండులో. రాత్రంతా ఆడనే ఉండాదంట.”

“వెతకను కూడా లేదా నువ్వు!”

మునీంద్ర గోడకు తల బాదుకున్నాడు. “నన్ను ఏమన్నా అనండి మేడం. ఆమెను మాత్రం బతికించండి. ఇద్దరు బిడ్డలుండారంట.”

ఆ మాట చంద్రిక చెవికెక్కలేదు. అప్పటికే ఫోను తీసింది. “మెదడులో పగిలిన నెత్తురు నరం మళ్లీ పగిలితే చెయ్యి దాటిపోతాది. ఇప్పుడే బెంగుళూరికి పోవాల. ఆపరేషను చేస్తే బతికేదానికి దారి ఉండాది. నువ్వూ ఎక్కు.”

అంబులెన్సు తలుపు దగ్గర ఆమె కళ్లు తెరిచింది. మునీంద్రను చూసింది. రెండు చేతులూ జోడించబోయింది.

“దింపొద్దప్పా... నీకు దండం పెడతా, దింపొద్దు.”

“ఎవరూ దింపరమ్మా” అంది చంద్రిక ఆమె నుదురు నిమురుతూ. “మీ ఆయన పక్కనే ఉంటాడు.”

మునీంద్ర ఆమె చేతులు పట్టుకున్నాడు.

“నేను మొగుణ్ని కాదు మేడం, నిన్న ఈమెను నడిదారిలో, ఆ బేతమంగళలో దింపేసిన బస్సు కండక్టర్ని.”